నోటి మీద వేలు

కంచెలపాడు ప్రాథమిక పాఠశాలలో జోగారావు అనే హెడ్మాస్టారు ఉండేవాడు, పిల్లల గొంతు చెవిన పడితే చాలు ఆయనకు ఒళ్ళు మండిపోయేది. ఒక్క మాస్టారే నడిపే చిన్న బడి అది. ఆయన లోపలికి అడుగు పెట్టగానే పిల్లలంతా నోటి మీద వేలు పెట్టుకోవాలి. ఆయన అడిగితేనే వేలు తీయాలి. ఆయన ఫోను మాట్లాడుతుంటే మాత్రం దగ్గొచ్చినా దిగమింగుకోవాల్సిందే. ఒకసారి ఎవరో తండ్రి వచ్చి "మావాణ్ణి ఎందుకు కొట్టారు?" అని నిలదీశాడు. మర్నాడే ఇంకో నియమం పుట్టుకొచ్చింది. బడిలో జరిగింది ఇంట్లో చెప్పకూడదు. చెబితే వీపు విమానం మోత మోగుతుంది.

ఊళ్ళోవాళ్ళు కూడా తక్కువ తినలేదు. "మా బడిలో చీమ చిటుక్కుమన్నా వినబడుద్ది" అని పొరుగూళ్ళో గొప్పలు పోయేవారు. చీమ సంగతేమోగాని, పిల్ల ఏడ్చినా ఆ బడిలో వినబడదని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఎండలు ముదిరి ఒంటిపూట బడులు పెట్టారు. ఒకరోజు మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాయి, వంటమ్మ వెళ్ళిపోయింది. రెండో తరగతి ఏస్తేరు కడిగిన పళ్ళేలు ఎత్తుకుని వెనకున్న రేకుల గదిలో పెట్టడానికి వెళ్ళింది. ఆ గదికి కిటికీ లేదు. సరిగ్గా అప్పుడే మండల ఆఫీసు నుంచి జోగారావుకు ఫోను వచ్చింది, అర్జెంటు మీటింగని. ఆయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "బయల్దేరానండీ, దారిలోనే ఉన్నానండీ" అంటూనే రేకుల గది తలుపు లాగి తాళం వేశాడు. లోపలికి తొంగి చూసే తీరిక ఎక్కడిది?

ఏస్తేరు పక్కన కూర్చునే గౌసియా పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, లోపల..." అంది.

జోగారావు కళ్ళెర్రజేశాడు. ఫోను దించకుండానే తన నోటి మీద వేలు పెట్టి చూపించాడు. గౌసియా కూడా వేలు పెట్టేసుకుంది. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, పిల్లల్ని ఇళ్ళకు తోలేసి, బండెక్కి వెళ్ళిపోయాడు. పాపం గౌసియా తాళం పట్టుకుని కాసేపు లాగిందట. ఇంట్లో చెప్పకూడదు కదా, సారే వచ్చి తీస్తాడులే అనుకుందట. ఏడేళ్ళ పిల్ల, అంతకంటే ఏమనుకుంటుంది?

ఏస్తేరు తల్లి సువార్త మిరపకాయల కోతకు వెళ్ళి పొద్దు వాలే వేళకు వచ్చింది. ఇంట్లో కూతురు లేదు. వీధివీధీ వెతికారు. మీటింగు నుంచి తిరిగొస్తున్న జోగారావుకు బడి ముందే జనం ఎదురయ్యారు. సంగతి విని ఆయన బండి దిగాడు. అక్కడున్న పిల్లల్నందర్నీ వరసగా నిలబెట్టి, "ఏస్తేరును ఎవరైనా చూశారా?" అని గద్దించాడు.

ఆయన్ని చూడగానే ఒక్కొక్కరే నోటి మీద వేలు పెట్టుకున్నారు.

"మా పిల్లలు తెలిస్తే దాచరు. ఊరి కాలువ చూద్దాం పదండి" అన్నాడు జోగారావు. అందరికంటే ముందు తానే కాలువలోకి దిగాడు. నడుంలోతు నీళ్ళలో కాళ్ళతో తడుముకుంటూ, పిల్ల దొరకాలని ఒకసారి, ఇక్కడ దొరక్కూడదని ఒకసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

సువార్త మాత్రం కదల్లేదు. గౌసియా ముందు చతికిలబడి, "అమ్మా గౌసియా, అది నీ పక్కనేగా కూచునేది. ఎటు పోయిందో చెప్పు తల్లీ" అంది.

"సార్ కొడతాడు."

"సారు కాలవకాడ ఉన్నాడు. ఇక్కడ నేనే ఉన్నా."

గౌసియా మెల్లగా వేలు తీసింది. "రేకుల గదిలో ఉంది. సారే తాళమేశాడు."

సువార్త పెట్టిన కేక కాలువ దాకా వినబడింది. జోగారావు చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఇంతసేపూ తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. పడుతూ లేస్తూ వచ్చి తాళంచెవి బయటికి తీశాడు. సువార్త అది లాక్కుని తాళం తీసింది. పిల్ల తలుపు వెనకాలే పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

పెద్దాసుపత్రిలో ప్రాణమైతే దక్కింది. వడదెబ్బకు కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయని, ఏళ్ళ తరబడి మందులు వాడాలని డాక్టరు చెప్పాడు. పిల్ల కళ్ళు తెరిచిందని విని జోగారావు వెళ్ళాడు. సువార్త ఆయన్ని కూర్చోమనలేదు.

"తాళం వేస్తుంటే ఒక్క కేక వెయ్యలేకపోయావా తల్లీ?" అని అడిగాడు.

"మీరు ఫోను మాట్లాడుతున్నారు కద సార్" అంది ఏస్తేరు. ఆయన ముఖంలోకి చూసి బెదిరి, గబగబా అంది. "తర్వాత అరిచాను సార్. చానాసేపు అరిచా. ఇంకెప్పుడూ అరవను సార్."

జోగారావు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు.

"బయటికెళ్ళి ఏడవండి సారూ" అంది సువార్త. "పిల్ల జడుసుకుంటది."

అధికారులు ఆయన్ని ఉద్యోగం నుంచి తప్పించారు. ఏస్తేరు మళ్ళీ ఆ బడి గడప తొక్కలేదు. కొత్తగా వచ్చిన టీచరమ్మ "మాట్లాడండర్రా" అని బతిమాలినా, మిగతా పిల్లలు చాలాకాలం నోటి మీద వేలు తీయలేదు.

నీతి: పిల్లల నోరు మూయించడమంటే మన చెవులు మనమే మూసుకోవడం, చేతిలో ఎంత పెద్ద పనున్నా సరే, ముందు ఆగి, పిల్ల చెప్పబోయే మాట వినాలి.