గడప కివతలి తల్లి నోము

అక్షతలు చేతబట్టుకొని, ఇంటిపనుల ధ్యాస కాసేపు మాని వినవలెను.

పూర్వమొకప్పుడు మాండవ్యముని దీర్ఘతపుడను మునిని చేరి, స్వామీ, ఐశ్వర్యమునకు నోములున్నవి, సంతానమునకు నోములున్నవి, నలుగురిలో కూర్చుండబెట్టిన చదువు రాక బెదరిపోవు బిడ్డలకు నోమేదియని యడిగెను. అందుకాయన, ఉన్నది, అది బిడ్డకు సులభము, చెప్పువారికి కష్టము, తల్లికి మరీ కష్టమని యిట్లు చెప్పసాగెను.

మధుకపురమున సోమగుప్తుడను, బెల్లము వండి అమ్ము వర్తకుడుండెను. అతని భార్య రత్నాంగి, అక్షరము రానిది. కూతురు కుముదకు ఏడేండ్లు. ఆ పిల్లకు మాట పెదవిదాక వచ్చి ఆగిపోవును. సందడి వినిన చెవులు మూసికొనును. బడిలో నలుబదిమంది ఒక్కమారు ఎక్కములు వల్లెవేయగా చాప క్రింద దూరెను. ఒజ్జ మంచివాడు గనుక కొట్టలేదు. ఈ బిడ్డ యెదుట ఒక్కరే కూర్చుండి ఓపికతో చెప్పిన తప్పక వచ్చునని ఇంటికి పంపెను.

సోమగుప్తుని యక్క విశాలాక్షి, పిల్లలు లేనిది, ఎదురింట నుండెను. ఆమె చదువులతల్లిని వేడుకొనగా ఆ తల్లి కలలో కనిపించి విధి చెప్పెను. నలుబది దినములు ఉదయమున గడప లోపల రెండు పీటలు ఎదురెదురుగా వేసి, ఒకదానిపై బిడ్డ, ఒకదానిపై చదువు చెప్పువారు కూర్చుండవలెను. పళ్లెములో బియ్యము పరచి, ఒక్క ప్రశ్న యడిగి, ఇరువది ఊపిరులు వేచియుండవలెను. కన్నతల్లి గడప కివతల కూర్చుండి, నోట లవంగముంచుకొని, ఒక్క మాటయు అందింపరాదు.

నోము మొదలయ్యెను. మూడవనాడు కుముద అత్తను చూచి కిలకిల నవ్వెను.  ఏడేండ్లు ఎత్తుకొని తిరిగినది తాను, నవ్వు మాత్రము ఎదురింటికా యని రత్నాంగి లవంగము నమిలెను. తొమ్మిదవనాడు విశాలాక్షి బియ్యములో ఏనుగును గీసి, ఇదేమని యడిగెను. పిల్ల పెదవి కదలెను. ఆ మాట ఆడబిడ్డ యెదుట పుట్టుట ఓర్వలేక రత్నాంగి లవంగము ఉమ్మి, "ఏనుగు! చెప్పవే, ఏనుగు!" అని కేకవేసెను. పిల్ల చెవులు మూసికొనెను. ఆనాడు బెల్లము పాకము గట్టిపడలేదు.

ఐనను ఆమెకు బుద్ధి రాలేదు. వచ్చునా? మరునాడు ఆడబిడ్డతో, మీకెందుకు శ్రమయని తేనె పూసిన మాట చెప్పి పంపివేసి, తానే పీటనెక్కెను. అక్షరములు రాకున్న నేమి, బొమ్మలు గీయలేనా యని ఆవును గీసి అడిగెను. మూడవ ఊపిరికే జవాబు తానే చెప్పెను, ఐదవ ఊపిరికి కసరెను. కుముద పళ్లెము తన్ని, అటుపిమ్మట ఉన్న రెండు మాటలును మానివేసెను. కొట్టులో బెల్లము చీమలపాలయ్యెను, ఆవు ఒట్టిపోయెను, కొనువారు పొరుగూరి దారి పట్టిరి. సోమగుప్తుడు చిక్కి సగమయ్యెను.

ఒకనాటి మధ్యాహ్నము రత్నాంగి వంటయింటినుండి వచ్చి చూడగా, కుముద రెండు పీటలు ఎదురెదురుగా వేసి, ఒకదానిపై తాను కూర్చుండి, ఖాళీ పీటను చూచుచు వ్రేళ్లపై ఊపిరులు లెక్కించుచుండెను. ఇరువది కాగానే మరల మొదలిడెను. ఆ బిడ్డ ఎదురుచూచుచున్నదని రత్నాంగికి తెలిసెను. చీరకొంగైన సర్దుకొనక ఎదురింటికి పరుగెత్తెను.

"వదినా, నాకు ఓర్వలేనితనం. అది నిన్ను చూసి నవ్వితే నా ఒళ్లు మండిపోతోంది. మండితే మండనీ, నువ్వు రా!"

"మండకుండా ఎట్లా ఉంటుందే, తల్లివి కదా! లవంగం మట్టుకు ఉమ్మకు" అని విశాలాక్షి లేచెను.

నోము తొలినాటినుండి మరల పట్టిరి. రత్నాంగికి అసూయ పోయెనా? పోలేదు, పోయెనని ఎవరైన చెప్పిన నమ్మవలదు. దినమున కొక లవంగము కొరికి మ్రింగెనే గాని నోరు విప్పలేదు. పదునెనిమిదవనాడు ఏనుగన్న మాట తనంత తాను వచ్చెను. ముప్పదవనాటికి కుముద అక్షరములు దిద్దెను.

నలుబదవనాడు వాయనము. చదువు చెప్పినవారికి బిడ్డ తన చేతులతో ఇయ్యవలెను. పిల్ల పసుపు కుంకుమల పళ్లెము పట్టుకొని రాగా, రత్నాంగి చేతులు తమంత తాము ముందుకు సాగెను. కుముద తల్లిని దాటి అత్త యెదుట నిలిచి, "ఇస్తినమ్మ వాయనం" అని తడబడక పలికెను. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని విశాలాక్షి కన్నీటితో అందుకొనెను. రత్నాంగి చేతులు ఒడిలోనికి తీసికొనెను.

అప్పుడు కుముద వచ్చి తల్లి చేయిపట్టి గడప దాటించి, తన పీటపై కూర్చుండబెట్టెను. తాను అత్త పీటనెక్కి, బియ్యములో అకారము వ్రాసి, "ఇదేంటమ్మా?" అని యడిగెను. రత్నాంగికి తెలియదు. కుముద కసరక వ్రేళ్లపై ఊపిరులు లెక్కింపసాగెను.

లోపల విశాలాక్షికి పీట లేదు. ఆమె గడప కివతలకు వచ్చి కూర్చుండెను. జవాబు నాలుక చివర నుండెను. మనసులో చురుక్కుమనెను. ఎవరును చెప్పకయే ఒక లవంగము నోట వేసికొనెను.

ఆనాటి పాకము రాతివలె గట్టిపడెను, ఆవు చేపెను, సోమగుప్తుని కొట్టు మరల నిండెను.

ఈ నోమును మాట ఆలస్యమైన బిడ్డల తల్లులు, పరుల బిడ్డకు చదువు చెప్పువారు, తొందరపడు తండ్రులు, మనుమల తరఫున తామే జవాబు చెప్పు అవ్వతాతలు పట్టవలెను. పట్టినయింట బిడ్డ నోట మాట, పెద్దల నోట మౌనము, కొట్టున సరకు నిలుచును. కథలో మాట తప్పినను వేచియుండుట తప్పరాదు. అక్షతలు ముందు బిడ్డ తలపై, పిమ్మట గడప కివతల కూర్చున్నవారి తలపై వేయవలెను.