పెన్సిలుకు పట్టు

గుమ్మడాం ఊళ్ళో అప్పలసూరి వాళ్ళ ఇల్లు తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా వాళ్ళే.

"ఈ ఊరి జనానికి ఒకటి చెబితే ఇంకోటి అర్థమవుతుంది. మనం అలా కాదు. మాట ఎలా వస్తే అలా పట్టుకుంటాం," అనేవాడు అప్పలసూరి. "పట్టుకుని వదలం కూడాను," అనేవాడు అతని తమ్ముడు పోలయ్య. ముసలి తల్లి గవరమ్మ, భార్య ఎర్నమ్మ అవునంటే అవునని తలలూపేవాళ్ళు.

అప్పలసూరి కూతురు రోజా మూడో తరగతి. ఆ పిల్లకి రాతంటే ప్రాణం. కానీ పెన్సిలుని, పారిపోయే కోడి కాలు పట్టుకున్నట్టు బిగించి పట్టుకునేది. రెండు వరసలు రాసేసరికి వేళ్ళు ఎర్రగా కందిపోయేవి. మూడో వరసకి కాగితం చిరిగేది. నాలుగో వరసకి ఏడుపొచ్చేది.

సువార్త టీచరు అప్పలసూరిని బడికి పిలిపించింది.

"చూడండి, వచ్చే వారం చేతిరాత పోటీ ఉంది. మీ అమ్మాయికి చాలా ఆశగా ఉంది. కానీ పాపం, వేళ్ళు నొప్పి. పెన్సిలుకి సరైన పట్టు లేదు. పట్టుంటే హాయిగా రాస్తుంది."

"అంతేనా టీచరమ్మా! ఇంట్లోనే ఉంది పట్టు," అని అప్పలసూరి ఇంటికి పరుగెత్తాడు. బీరువా తీశాడు. ఎర్నమ్మ పెళ్ళినాటి పట్టుచీర తీశాడు. కత్తెర పెట్టి అంచు పరపరా కోశాడు.

"అయ్యో, నా చీర!" అంది ఎర్నమ్మ.

"పిల్ల చదువు కంటే చీర ఎక్కువా?"

"కాదనుకో. జరీ ఉన్న వైపు కొయ్యి మరి, పిల్లకి అందంగా ఉంటుంది."

అంతే. పెన్సిలుకి నిండా పట్టు చుట్టారు. రోజా పట్టుకుని గట్టిగా నొక్కింది. పట్టు నున్నగా జారింది. పెన్సిలు చేతిలోంచి చేపపిల్లలా ఎగిరి, పోలయ్య తాగుతున్న అంబలిలో పడింది.

మర్నాడు టీచరు ఆ జరీ పెన్సిలు చూసి తల పట్టుకుంది. "అయ్యో, పట్టంటే చీర కాదండీ! వేళ్ళ నొప్పి తగ్గించే పట్టు!"

"అదీ, అలా చెప్పాలి!" అంది గవరమ్మ, అప్పలసూరి ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే, మనవరాలి వైపు తిరిగి. "నొప్పికి పట్టు వెయ్యడం నాకు తెలీదా? మీ తాతకి మోకాలికి ఎన్నిసార్లు వేశాను!"

ఇంకేముంది! శొంఠి అరగదీసింది. అందులో పసుపు కలిపింది. గట్టిగా ఉండాలని గుప్పెడు సున్నం వేసింది. ఇంకా గట్టిగా ఉండాలని బెల్లం కూడా వేసింది. పెన్సిలుకి మందంగా పూసి, "పట్టుకోవే తల్లీ," అంది. రోజా పట్టుకుంది. కాసేపటికి పట్టు ఆరింది. పెన్సిలు, వేళ్ళు కలిసి ఒకటే ముద్దయిపోయాయి.

"చూశారా, ఇప్పుడు జారదు," అంది గవరమ్మ గర్వంగా.

జారలేదు. ఊడనూ లేదు. రోజా ఆ పూట పెన్సిలుతోనే అన్నం కలుపుకుంది. పెన్సిలుతోనే జడ వేయించుకుంది. బెల్లానికి చీమలు పట్టి, వీధి వీధంతా వెంట నడిచాయి. బడిలో టీచరు వేణ్ణీళ్ళలో చెయ్యి నానబెట్టి, మెల్లగా విడదీసింది.

"రోజా, మీ ఇంట్లో వాళ్ళకి ఇలా చెప్పు. గ్రిప్పు కావాలి. రబ్బరుది. పెన్సిలుకి తొడుగుతారు. అంతే. ఇంకేమీ చెయ్యొద్దని చెప్పు."

పోలయ్య వెంటనే బజారుకెళ్ళాడు. మొదట కనపడింది సైకిలు షాపు. "రబ్బరు గ్రిప్పు ఉందా?" అన్నాడు. "ఎందుకు లేదు," అని షాపువాడు సైకిలు హ్యాండిలుకి తొడిగే గ్రిప్పు ఇచ్చాడు.

ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని తొడిగారు. పెన్సిలు లోపలికి పడి మాయమైంది.

"గ్రిప్పు సరైనదే. పెన్సిలే సన్నం," అన్నాడు పోలయ్య.

"ఐతే లావు పెన్సిలు చేద్దాం," అన్నాడు అప్పలసూరి.

ఎర్నమ్మ వంటింట్లోంచి రోకలి తెచ్చింది. అన్నదమ్ములిద్దరూ గొడ్డలితో దాని కొస చెక్కారు. కొసకి బొగ్గు దిగ్గొట్టారు. గ్రిప్పు చక్కగా పట్టింది. మర్నాడు బాబాయి ముందు, రోజా వెనక, భుజాల మీద రోకలితో బడికి బయల్దేరారు. దారిలో జనం "పెళ్ళెవరింట్లో?" అని అడిగారు.

సువార్త టీచరు ఆ రోకలిని గోడకి ఆనించింది. నవ్వాలో ఏడవాలో తెలియక కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత తన సంచిలోంచి చిన్న రబ్బరు తొడుగు తీసింది. రేగుపండంత ఉంది, మూడు పలకలుగా. దాన్ని పెన్సిలుకి ఎక్కించి, రోజా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని పెట్టింది.

"బొటనవేలు ఇక్కడ. చూపుడువేలు ఇక్కడ. నడిమి వేలు కింద ఆసరా. నొక్కకమ్మా, ఊరికే ఆనించు."

రోజా ఒక వరస రాసింది. రెండో వరస రాసింది. నాలుగో వరస కూడా అయిపోయింది. పిల్ల ఆగి తన వేళ్ళకేసి చూసుకుంది.

"టీచర్, పెన్సిలు కరవటం లేదు!"

టీచరు పిల్ల తల నిమిరింది.

పోటీ రోజున ఇంటిల్లిపాదీ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. టీచరు రోజా భుజం తట్టి, "భయపడకు. రాయి," అంది.

"అయ్యయ్యో, రాయి తేలేదే!" అన్నాడు పోలయ్య. అంతే, బయటికి పరుగెత్తి, ఎత్తలేనంత రాయి మోసుకొచ్చి, బల్ల మీద దబ్బున పెట్టాడు. బల్ల రెండు ముక్కలైంది. గది నిండా గోల. పిల్లలంతా ఒకటే నవ్వు. రోజా మాత్రం కంగారు పడలేదు. ఆ రాయి మీదే కూర్చుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని, గంట కొట్టేదాకా హాయిగా రాసింది.

మొదటి బహుమతి రోజాకే వచ్చింది! హెడ్మాస్టరు ఆ కాగితం పైకెత్తి అందరికీ చూపించాడు. "అక్షరాలా ఇవి? ముత్యాలు!" అని మెచ్చుకుని, కాగితం అప్పలసూరి చేతిలో పెట్టాడు.

అప్పలసూరి దాన్ని గుండెలకి హత్తుకుని, దొంగలు చూడకుండా తువ్వాలు కప్పుకుని ఇంటికి తెచ్చాడు. తలుపులు వేశారు. ఎర్నమ్మ కత్తెర తెచ్చి అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా కత్తిరించింది. రోజా వేళ్ళ నొప్పి లేకుండా ఒక్కో దానికీ సూదితో బెజ్జం పెట్టింది.

గవరమ్మ ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూసింది. "ముత్యాలు మంచివే. కానీ మరీ చిన్నవిరా."

"ముత్యాలు నీళ్ళలో పెరుగుతాయి కదమ్మా," అన్నాడు పోలయ్య.

ఇంకేముంది! బిందె నిండా నీళ్ళు పోసి, అక్షరాలన్నీ అందులో వేసి, పైన మూత పెట్టి, ఎంత లావు అవుతాయో చూద్దామని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు.