తొట్టి నీళ్లు తాగిన కొమ్ముబూర

తలంటు పోయించుకునేటప్పుడు రాజైనా సరే, తలవంచి కూర్చోవలసిందే. కొండమేడ సంస్థానాన్ని ఏలే భైరవరాజుకు రోజూ తలంటే ఓబన్నకు ఆ సంగతి బాగా తెలుసు. సభలో మంత్రులు అనలేని మాటలు అతను స్నానాలగదిలో హాయిగా అనేసేవాడు.

ఉగాది ముందు రోజు పొద్దున రాజుగారు తొట్టిలో ఒక కాలు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"ఏమిరా ఓబన్నా, ఇవి నీళ్లా, రసమా?"

"మొన్నటి కుంకుడు పులుసు, నిన్నటి నువ్వుల నూనె, ఇప్పుడు తమరి పాదం. పోపు ఒక్కటే తక్కువ ప్రభూ."

రాజుగారు నవ్వబోయి, కోపం వచ్చిన సంగతి గుర్తొచ్చి మానుకున్నారు.

ఆ తొట్టిని చెక్కించింది రాజుగారి బావమరిది రంగపతి. ఎత్తయిన అరుగు మీద ఒకే బండతో చేయించాడు, నీళ్లు పోవడానికి చిల్లు పెట్టించడం మరిచిపోయాడు. మరిచిపోయానని ఒప్పుకోవడం అతనికి చేతకాదు. అందుకని, "చిల్లు పడితే అది ఏకశిల ఎలా అవుతుంది బావా?" అన్నాడు. పోనీ ముంతలతో తోడిద్దామంటే, "రాజు స్నానమాడిన నీళ్లు ముంతకెత్తితే రాజు ఆయుష్షు ఎత్తినట్టే" అన్నాడు. రాజుగారికి ఆయుష్షంటే తీపి, బావమరిదంటే భయం. అతని వెనక రాణిగారున్నారు మరి.

గుడ్డ ముంత కాదు కనుక దోషం లేదట. స్నానాలగదిలో పనిచేసే ముసలివాళ్లు రోజూ పంచెలు ముంచి, బయటికి తెచ్చి పిండేవాళ్లు. ఎంత పిండినా తొట్టి సగమైనా ఖాళీ అయ్యేది కాదు. పిండీ పిండీ వాళ్ల వేళ్లు ఒరిసిపోయి, అన్నం కలుపుకుంటే భగ్గున మండేవి. వాళ్లు చెయ్యి ఊదుకుంటూ తినడం ఓబన్న రోజూ చూసేవాడు.

రాజుగారి కేక విని రంగపతి మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"వీళ్లకు ఒళ్లు వంగదు బావా. అందరినీ ఏనుగుల కొట్టానికి పంపు. అక్కడ పేడ ఎత్తితే అదే వంగుతుంది."

"సరే," అన్నారు రాజుగారు. "రేపటి తలంటుకి తొట్టి ఖాళీ కావాలి. చిల్లు పడకూడదు, ముంత ముంచకూడదు. కాకపోతే అందరూ కొట్టానికే. నువ్వు కూడాను, ఓబన్నా."

"నేను పోతే తమరి తల ఎవరంటుతారు ప్రభూ?"

"రంగపతి ఉన్నాడుగా."

రంగపతికి దగ్గు వచ్చింది.

రాజుగారు వెళ్లిపోయాక ఓబన్న తొట్టి పక్కన దిగాలుగా చతికిలబడ్డాడు. ముసలివాళ్లు ఈ వయసులో ఏనుగుల దగ్గర ఏం బతుకుతారు? అలా కూర్చుని ఉండగా మెడ మీద టప్పుమని చుక్క పడింది. కాసేపటికి మరొకటి. తలెత్తి చూశాడు. ఎవరో మరిచిపోయిన పంచె ఒకటి తొట్టి అంచు మీద వేలాడుతోంది. ఒక కొస లోపలి నీళ్లలో ఉంది. బయటి కొస అంతకన్నా కిందికి జారి, దానంతట అదే బొట్లుబొట్లుగా నీళ్లు కారుస్తోంది.

"ఓరి నీ తెలివి," అన్నాడు ఓబన్న పంచెతో. "కాకపోతే నీ లెక్కన మళ్లీ ఉగాది వస్తుంది. నీకంటే లావుపాటి గొంతు కావాలి."

మధ్యాహ్నానికల్లా ఊరేగింపులో ఊదే వంకర కొమ్ముబూరను మోసుకొచ్చాడు. సన్నటి చివర వెదురు గొట్టం తగిలించి, అతుకు చుట్టూ మైనం మెత్తాడు. కబురందుకుని రాజుగారు వచ్చారు, వెనకే రంగపతి వచ్చాడు.

"ఊదరా ఊదు," అన్నాడు రంగపతి. "నీ పాట విని నీళ్లు లేచి నడిచిపోతాయి. గోడెక్కి దిగడానికి వాటికి కాళ్లున్నాయా బావా? చచ్చినా రావు."

"అలా అనేవారే నాకు కాపలా కావాలి దొరగారూ," అన్నాడు ఓబన్న. "ఈ వెదురు చివర తమ అరచేత్తో మూసి పట్టుకోండి. నేను మాయ చేశానని రేపు ఎవరూ అనకుండా ఉంటుంది."

రంగపతి గర్వంగా చెయ్యి అడ్డం పెట్టాడు. ఓబన్న కొమ్ము నిండా తేటనీళ్లు పోసి, వెడల్పు మూతికి తోలుముక్క అదిమిపట్టి, ఆ మూతిని తొట్టి నీళ్లలోకి దించాడు. లోపలే తోలు లాగేశాడు. కొమ్ము అంచు మీద వంగి కూర్చుంది. వెదురు చివర అరుగు కింద, రంగపతి చేతిలో ఉంది.

రంగపతి మొహం మారింది. అరచేతిని లోపలినుంచి ఎవరో తోస్తున్నట్టుంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి పట్టు అంగరఖా చేతిలోకి దూరాయి. రెండో చెయ్యి కూడా వేసి, పళ్లు బిగించి అదిమాడు.

"ఏమైంది బావమరిదీ, అంత గట్టిగా పట్టుకున్నావు?" అన్నారు రాజుగారు.

"ఏం లేదు బావా. ఊరికే."

ఓబన్న చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అన్నాడు:

"నీళ్లు చచ్చినా రావన్న దొరగారు రెండు చేతులతో దేన్ని ఆపుతున్నారో కాస్త కనుక్కోండి ప్రభూ."

రాజుగారి మీసాలు అదిరాయి. "చెయ్యి తియ్యి బావమరిదీ."

తీయక తప్పలేదు. నీళ్లు ధారకట్టి అతని కాళ్ల మీదే పడ్డాయి.

"ఇవి వీడు పోసిన నీళ్లే బావా," అన్నాడు రంగపతి ఇంకా పట్టు విడవకుండా.

ఆ మాట అంటుండగానే తేటధార ఎర్రబడింది. కుంకుడు నురగతో, నూనె తెట్టుతో గుడగుడమంటూ వచ్చింది. రాజుగారు వంగి వాసన చూశారు.

"కాదు, ఇది నా రసమే."

స్నానాలగది నవ్వులతో మారుమోగింది. ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తొట్టిలో మట్టం దిగుతూనే ఉంది, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

రాజుగారు చేతి కంకణం తీసి ఓబన్నకు తొడిగారు. "ఇంకేం కావాలో అడుగు."

"రేపు తమరి స్నానం అయ్యాక, కొత్త నీళ్లు నింపి ఈ తొట్టిలో మా ముసలివాళ్లకు తలంటు పోయించండి ప్రభూ. వాళ్ల వేళ్లు బాగాలేవు. కుంకుడు పులుసు మరెవరైనా పిసకాలి."

రాజుగారు బావమరిది వైపు తిరిగారు.

"రంగపతీ, నీ చేతులు ఎలాగూ తడిశాయి."