ఆ ఒక్క వాసన

విజయనగరంలో చెవి, ముక్కు, గొంతు వైద్యం చేసే డాక్టర్ సుభాషిణి గారికి ఒక అలవాటుండేది. తన దగ్గర పని నేర్చుకునే కుర్ర డాక్టర్లు ఏదైనా అడిగితే పుస్తకం పేరు చెప్పేవారు కాదు; ఎవరో ఒక రోగి సంగతి చెప్పేవారు.

ఒకరోజు ఇలియాస్ అనే శిష్యుడు అడిగాడు. "మేడమ్, వాసన తెలియకుండా పోయినవాళ్లకు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రాసిస్తున్నాం. కొందరికి గుణమిస్తుంది, కొందరికి ఇవ్వదు. ఆ మాట ముందే చెబితే మందు మీద నమ్మకం పోదా?"

సుభాషిణి గారు సన్యాసినాయుడి సంగతి ఎత్తుకున్నారు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పైడితల్లికి పక్షవాతం వచ్చింది, మాట కూడా పడిపోయింది. మంచం మీద ఆమె పనులన్నీ ఆయనే చేసేవారు. పక్క పాడైతే వాసనను బట్టి తెలిసేది. వెంటనే లేచి శుభ్రం చేసేవారు. ఒక చలికాలం ఆయనకు పట్టిన జలుబు తగ్గింది గానీ, దాంతోపాటే వాసన పోయింది. పోయినట్టు ఆయనకే తెలియలేదు. ఒక మధ్యాహ్నం చూడ్డానికి వచ్చిన మరదలు గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆయన కంగారుగా దుప్పటి తీసి చూశారు. ఉదయం నుంచీ భార్య ఆ పాడైన పక్కలోనే పడి ఉంది. నడుము దగ్గర చర్మం చిట్లి పుండు పడింది. పైడితల్లి మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడే ఆయన సుభాషిణి గారి దగ్గరికి వచ్చారు. "కాఫీ వాసనా, పువ్వుల వాసనా నాకక్కర్లేదమ్మా. ఆ ఒక్క వాసన తెప్పించండి చాలు" అన్నారు.

ఆవిడ పరీక్ష చేసి స్ప్రే రాశారు. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టుకోవాలని చూపించారు. గుణం కనిపించడానికి వారాలు పట్టొచ్చన్నారు. తప్పకుండా వస్తుందా అని ఆయన అడిగితే, చెప్పలేనన్నారు. ఆయన కళ్లు తుడుచుకుని లేవబోతుంటే మళ్లీ కూర్చోబెట్టారు. "అది వచ్చేదాకా ముక్కును నమ్ముకోకండి. ఆమెనే అడగండి" అన్నారు. మాట లేని మనిషిని ఎలా అడగడమని ఆయన అంటే, ఆమెకు ఏ చెయ్యి కదులుతుందని అడిగారు. ఎడమ చెయ్యి కొద్దిగా కదులుతుందన్నారాయన.

వేసవి మొదట్లో ఆయన మళ్లీ వచ్చారు. స్ప్రే ఒక్కపూటైనా మానలేదు, వాసన మాత్రం ఇంకా రాలేదు. కానీ ఆయన ముందుగా చెప్పింది పుండు మానిందని. గంటగంటకీ మంచం దగ్గరికెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని అడుగుతున్నారట. అవసరమైతే ఆమె ఆయన వేలు నొక్కుతోందట.

"ఇన్నాళ్లూ వాసన వస్తే లేచేవాణ్ణమ్మా, ఆమెను అడిగిందే లేదు. ఇప్పుడు ఒక్కోసారి ఏ అవసరమూ లేకపోయినా నొక్కుతోంది" అన్నారు.

అయితే మందు పనిచెయ్యలేదన్నమాట, అన్నాడు ఇలియాస్.

సుభాషిణి గారు తర్వాతి రోగిని లోపలికి పిలవమని చెప్పి, అతని వైపు చూశారు.

"ఏ మందు సంగతి అడుగుతున్నావు?" అన్నారు.