దొరగారి తేనెటీగలు

కంటబడిందల్లా తనదే అనుకోవడం జగ్గభూపతి దొరకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అదే ఊళ్లో పైడమ్మ తన పెరటి గోడ మీద కుండ పెట్టి, అందులో తేనెటీగల్ని పెంచి, తేనె అమ్ముకుని బతికేది. దొర వాటి మీదా దావా వేశాడు. "అవి వాలేది నా నువ్వుచేలో పూల మీద. అందుకని తేనె నాదే, ఈగలూ నావే!"

దొర పెట్టిన విందు ఇంకా అరగని న్యాయాధికారి, "నిజమే. ఈగలు దొరవే. కుండ తెచ్చి అప్పజెప్పు," అని తీర్పు చెప్పేశాడు.

పైడమ్మకు ఒళ్లు మండిపోయింది. అయినా మర్నాడు కుండ మూతికి గుడ్డ కట్టి తెచ్చి, కచేరీ మధ్యలో పెట్టి, గుమ్మం అవతలికి వెళ్లి నిలబడింది. తేనె ఎంతుందో చూద్దామని దొర ఆత్రంగా తనే గుడ్డ లాగాడు.

ఈగలు ముందు న్యాయాధికారి ముక్కునే పట్టుకున్నాయి. ఆయన బల్ల కింద దూరి, "ఎవడివిరా ఈ ఈగలు? వాడి వీపు కొరడాతో చీరేస్తాను!" అని కేకపెట్టాడు.

దొర ఉత్తరీయం ముసుగేసుకుని, "నావి కావు! ఆ పైడమ్మవే!" అని అరిచాడు.

పైడమ్మ గుమ్మంలోంచే దణ్ణం పెట్టింది. "తమర్ని కుట్టినప్పుడు అవి దొరవే బాబూ, తీర్పు తమరిదే. ఇప్పుడు నావి, మాట ఆయనదే. కొరడా దెబ్బలు ఆయనకు, కుండ నాకు ఇప్పించండి."