నిమ్మకాయంత రవ్వ

కందుకూరులో మృదంగం నేర్పిన చెంచురామయ్య గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏ సందేహం తెచ్చినా, అది తాళం గురించైనా సరే, ఇంట్లో తగువు గురించైనా సరే, ఆయన నోటితో జవాబు చెప్పేవారు కాదు. "మృదంగం దించు" అనేవారు. అరుగు మీది చెక్కబల్లపై వరసగా పేర్చిన వాటిలో ఒకటి దింపుకుని కూర్చుంటే, ఆ తర్వాత జరిగేదే జవాబు. అర్థమైతే అయినట్టు, కాకపోతే మళ్ళీ రేపు రావాలి. పెళ్ళి చేసుకోనా వద్దా అని అడగబోయి మూడు గంటలు ఆదితాళం వాయించి ఇంటికెళ్ళిన మహానుభావుడు కూడా ఒకడున్నాడు. తర్వాత చేసుకున్నాడు లెండి, అది వేరే సంగతి.

ఆ శిష్యుల్లో కోదండం ఒకడు. పన్నెండో ఏట ఆ ఇంట్లో అడుగుపెట్టి, తొమ్మిదేళ్ళు అక్కడే తిని, అక్కడే పడుకుని, విద్య పట్టుబడ్డాక ఒంగోలులో స్థిరపడ్డాడు. మంచి చేయి. చేతికంటే వినయం ఇంకా మంచిది. గురువు నిలబడమంటే నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. "ఎందుకండీ" అన్న మాట ఆ తొమ్మిదేళ్ళలో అతని నోట ఒక్కసారీ రాలేదని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. అడగడమంటే ఎదిరించడమేనని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే యాభై నాలుగో ఏడు దాకా నెట్టుకొచ్చాడు.

ఒక మాఘమాసం పొద్దున అతను వట్టి చేతులతో కందుకూరు బస్సు దిగాడు. మృదంగం లేకుండా ఆ వీధిలోకి రావడం అతనికి అదే మొదటిసారి. గురువుగారికి అప్పటికి ఎనభై ఆరు. అరుగు మీద ఎండకు వీపు కాచుకుంటూ కూర్చుని ఉన్నారు. కోదండం కాళ్ళకు దణ్ణం పెట్టి, లేవకుండా అక్కడే కూలబడి, వచ్చిన పని చెప్పేశాడు. శ్రీరామనవమి పందిట్లో ఏటా గురువు పేరు తలుచుకుని వాయించే కచేరీ ఈసారి ఇంకెవరికైనా అప్పజెప్పాలి. మృదంగానికి గుడ్డ చుట్టి అటక మీద పెట్టేస్తాడు. అందుకు సెలవివ్వాలి.

కోదండం తలవంచుకుని మిగతాది చెప్పుకొచ్చాడు. షుగరు వచ్చి పదకొండేళ్ళు. పాదాలు మొద్దుబారి ఏడాదైంది. ఇప్పుడు చేతివేళ్ళు. చీమలు పాకినట్టు ఉంటుంది, తోలు మీద వేలు పడిందో లేదో శబ్దం వింటే గానీ తెలియదు. డాక్టరు గారు ఒక మాత్రతో మొదలుపెట్టి, మధ్యలో దాన్ని మార్చి, ఇప్పుడు మూడిటికి తెచ్చారు. ఈ జబ్బు ఎక్కడమే గానీ దిగడం ఉండదని, వచ్చేసారి ఇంజెక్షనేనని మొన్న చెప్పారు. తను మాత్రం ఒక్క రోజు తప్పలేదు. ఇదిగో, మొదటి రోజు ఆయన రాసిచ్చిన కాగితం. ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులోనే ఉంచుకుంటాడు. పొద్దున నాలుగు ఇడ్లీ, పదకొండింటికి బిస్కట్లు, మధ్యాహ్నం అన్నం, నాలుగింటికి మళ్ళీ బిస్కట్లు, రాత్రి మూడు చపాతీలు. కడుపు ఖాళీగా ఉంచవద్దు అన్న మాట కింద రెండు గీతలు. ఆకలి ఉన్నా లేకపోయినా గడియారం చూసుకుని తినేవాడు పాపం. ఒకసారి సాయంత్రం కచేరీ సాగుతుండగానే పక్కకు తిరిగి నాలుగు బిస్కట్లు నోట్లో వేసుకుంటే ముందు వరసలో పిల్లలు నవ్వారు.

భార్య రాజ్యం మాత్రం సణుగుతూనే ఉంది. ఆవిడ ఏకాదశి ఉపవాసమున్న రోజుల్లో ఇంట్లో వంట తక్కువ, అతని తిండీ తక్కువ. ఆ మర్నాడు పొద్దున వేలు పొడిచి చూస్తే అంకె దిగి ఉంటోంది. అదేమిటో డాక్టరుగారిని అడగరాదా అని ఆవిడ పోరు.

"అంత చదువుకున్నవాళ్ళు రాసిచ్చినదాన్ని మనం ఎందుకని అడగవచ్చా గురువుగారూ?" అన్నాడు కోదండం.

చెంచురామయ్య గారు చేతికర్రతో బల్ల వైపు చూపించారు. "మృదంగం దించు. ఆ చివర చిన్నది."

అది సన్నటి తోలుతో, ఆడవాళ్ళ గొంతుకు పక్కన వాయించడానికి చేయించిన బుల్లి మృదంగం. వాయించేముందు ఎడమ మూత మధ్యలో తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటించాలి. ఆ బరువుతోనే ఎడమచేతి దెబ్బకు గుమ్మనే నాదం పలుకుతుంది. వాయించడం అయ్యాక గీకి తీసేయాలి. కోదండం రవ్వ సీసా తెచ్చుకుని, గిన్నెలో నీళ్ళు పోసుకుని కూర్చున్నాడు.

"నేను నేర్పినట్టే పెట్టు. నిమ్మకాయంత" అన్నారు గురువుగారు.

రవ్వలో నీళ్ళు పడగానే ఆ వాసన లేచింది. ఆ వాసనకు కోదండానికి నలభై ఏళ్ళు ఒక్క ఊపున వెనక్కి పోయాయి. ఆ ఇంట్లో రవ్వ మృదంగాలకే, మనుషులకు కాదు. పిల్లలకు పొద్దున్నే జొన్న అంబలి, అందులో మజ్జిగ, నంజుకోవడానికి ఉల్లిపాయ. మధ్యాహ్నం కొర్రన్నం, చింతచిగురు పప్పో గోంగూరో, మీద చారెడు వేరుశనగ కారం. వరన్నం అంటే పండగ. ఇక మళ్ళీ దీపాలవేళ దాకా ఎవరికీ ఏమీ లేదు, ఎవరూ అడగనూ లేదు. ఆరేసి గంటలు సాధన చేసినా వేళ్ళు అలిసేవి కావు. సాధన అయ్యాక గీకిన రవ్వంతా పోగుచేసి ప్రహరీ గోడ మీద పెడితే పిచికలు దిగేవి. గురువుగారి భార్య సుబ్బరత్నమ్మ గారు వాకిట్లో నిలబడి, పిచికలకున్న భోగం మీకెప్పుడు పడుతుందిరా అని పిల్లల్ని నవ్వించేది. ఆవిడ పోయి ఏడేళ్ళయింది. ఆ చేతి కొర్రన్నం ముద్ద కోదండానికి ఇంకా గుర్తుంది. ఆ ఇంటినుంచి వెళ్ళాక అతను తిన్న ఉప్మాలకూ ఇడ్లీలకూ లెక్కలేదు. ఏ ఊరు కచేరీకి వెళ్ళినా ముందు పెట్టేది అవే.

నిమ్మకాయంత ముద్ద తయారైంది. అతని చేతులకు తెలుసు, ఈ బుల్లిదానికి ఉసిరికాయంత చాలు. ముప్ఫై ఏళ్ళుగా కచేరీల్లో ఏ మృదంగానికి ఎంత కావాలో అంతే పెడుతున్నవాడు. అయినా గురువు ఎదురుగా కూర్చుని ఉన్నారు, నిమ్మకాయంత అన్నారు. నోరు మూసుకుని మొత్తం అంటించి దెబ్బ వేశాడు. తడిసిన గోనెసంచిని కొట్టినట్టు చప్పుడొచ్చింది.

"గట్టిగా కొట్టు" అన్నారాయన.

కొట్టాడు. నాదం రాలేదు. ఇంకా గట్టిగా అన్నారు. ఇంకా గట్టిగా కొట్టాడు. వేళ్ళు తిమ్మిరెక్కి, మణికట్టు నొప్పి పెట్టి, చెమట పట్టింది. రవ్వ చాలలేదేమో, ఇంకొంచెం అద్దు అన్నారు. అద్దాడు. ఈసారి ఆ చప్పుడు కూడా చచ్చిపోయింది. అప్పటికీ గురువుగారు, కొట్టరా కొట్టు, అంటూనే ఉన్నారు. కుడివైపు చక్కగా శ్రుతిలో పలుకుతుంటే ఎడమవైపు మూగపోయిన ఆ వాద్యాన్ని చూసి కోదండానికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, నలభై రెండేళ్ళలో మొదటిసారి, ఎదురు మాట బయటికి వచ్చింది.

"దీనికి ఇది ఎక్కువ గురువుగారూ."

"నీకెప్పుడు తెలిసింది?"

"ముద్ద చేస్తున్నప్పుడే."

"మరి పెట్టావేం?"

"మీ మాట కదా."

"నా మాటే. ఏ మృదంగానికి చెప్పాను?"

కోదండానికి బాగా గుర్తుంది. మొదటి ఏడు, ముసురు పట్టిన శ్రావణంలో, పనసచెక్కతో చేసిన పెద్ద మృదంగం ముందు కూర్చోబెట్టి నిమ్మకాయంత అని చూపించారు. గేదెపిల్లంత ఉండేది అది, దాని తోలు మందం. ఇరవై ఏళ్ళ కిందటే ఆ చెక్క పగిలిపోతే అమ్మగారు అందులో చీపుళ్ళు పెట్టుకునేది. మృదంగం పోయింది, మాట మాత్రం అతని దగ్గర చెక్కు చెదరకుండా ఉంది.

ఎవరూ చెప్పకుండానే గోటితో ముద్దంతా గీకి, ఉసిరికాయంత మిగిల్చాడు. నెమ్మదిగా, బలం పెట్టకుండా దెబ్బ వేశాడు. అరుగంతా గుమ్మంది. గీకిన రవ్వ పాత అలవాటు కొద్దీ తీసుకెళ్ళి ప్రహరీ మీద పెట్టాడు. ఎక్కడినుంచో రెండు పిచికలు దిగాయి.

గురువుగారు ఆ ప్లాస్టిక్ కవరు చేతికి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, కింద ఉన్న తేదీ చూసి తిరిగి ఇచ్చేశారు. మాత్ర మానమని తను అనడం లేదని, ఇందాక ఇక్కడ నోరు తెరిచినట్టే అక్కడ కూడా తెరవమని మాత్రం చెప్పారు. సెలవు మాట ఎత్తలేదు. గురువుగారి కోడలు భోజనానికి పిలిస్తే లోపలికి వెళ్ళి ఇద్దరూ కొర్రన్నం తిన్నారు. కోదండం రెండో ముద్ద దగ్గర ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన చూసి కూడా చూడనట్టు పప్పు వడ్డించుకున్నారు.

ఆ శనివారం అతను ఒంగోలులో డాక్టరు గారి ముందు కాగితం పెట్టి అడిగాడు. ఈ బిస్కట్లు నాకు ఇంకా అవసరమా అండీ? డాక్టరు గారు తన రాత తానే చదువుకున్నారు. మొహం కొంచెం చిన్నబుచ్చుకుని, ఇది మొదట్లో ఇచ్చిన మాత్రకు రాసిందన్నారు. అది వేసుకునేవాళ్ళకు షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది, అందుకని మధ్యలో తినమన్నది. ఆ మాత్ర ఆపి ఎనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళూ మీరు ఇదే పాటిస్తున్నారా, ఒక్కసారైనా అడగలేదేం అని ఆయనే తిరిగి అడిగారు. కోదండం ధైర్యం చేసి ఏకాదశి సంగతీ, చిన్నప్పటి తిండి సంగతీ కూడా చెప్పాడు. ఆయన శ్రద్ధగానే విన్నారు. ఇడ్లీలు, చపాతీలు, అన్నం బాగా తగ్గించి, పప్పూ కూరా మజ్జిగా పెంచి, ఆ కొర్రలు కూడా కొలతగా తినమన్నారు. రోజూ పరీక్ష చేసుకోవాలి, పదిహేను రోజులకోసారి రావాలి, మాత్ర తగ్గించే పని తనదే గానీ కోదండానిది కాదు అని గట్టిగా చెప్పి, ఆ పాత కాగితం చింపేశారు.

నవమికి కోదండం పందిట్లో వాయించాడు. వేళ్ళు పూర్తిగా తిరిగి రాలేదు, కానీ అంకెలు దిగడం మొదలైంది. ఎక్కడమే గానీ దిగడం ఉండదన్న ఆ డాక్టరే వైశాఖంలో ఒక మాత్ర తీసేశారు. ఇంజెక్షను మాట మళ్ళీ రాలేదు. శ్రావణం వచ్చేసరికి చీమలు పాకడం చాలావరకు పోయింది. ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి మాత్రం మొద్దుగానే ఉండిపోయింది. దాన్ని చూసుకున్నప్పుడల్లా, ఆ ఎనిమిదేళ్ళలో ఎప్పుడో ఒకనాడు నోరు తెరిచి ఉంటే ఇదీ దక్కేదేమోనని అతనికి దిగులేసేది.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం అతను మళ్ళీ కందుకూరు వెళ్ళాడు. సంగతులన్నీ విని గురువుగారు బల్ల వైపు కర్ర చూపించారు. కోదండం దింపుకున్నది అంతకుముందు తను ముట్టుకోని కొత్త మృదంగం. గిన్నెలో రవ్వ తడిపి, తల ఎత్తి, అలవాటు చొప్పున అడిగాడు.

"ఎంత పెట్టమంటారు గురువుగారూ?"

చెంచురామయ్య గారు గోడకు జారబడి కళ్ళు మూసుకున్నారు.

"నన్నడుగుతావేరా? నాలుగు దెబ్బలు వేసి, దాన్నడుగు."