ఎల్లమందకు తగ్గ పని

చింతలగిరిని ఏలే కందర్పరాజు ఒకనాడు పెరట్లో చీమల బారు చూశాడు. చచ్చిన మిడతను ఇరవై చీమలు కలిసి ఈడ్చుకుపోతున్నాయి. రాజు ముచ్చటపడిపోయాడు.

"ఆహా! ఇంత చిన్న ప్రాణికున్న బుద్ధి మనవాళ్లకి లేదే! ఇకమీదట నా రాజ్యంలో ఎవడూ ఒంటరిగా పని చెయ్యకూడదు. పనికి నలుగురు!"

దివాను శరభరాజుకు పండగే పండగ. పన్నెండుమంది వెంట లేనిదే మొహం కూడా కడుక్కోని మనిషాయన. సాయంత్రానికల్లా దండోరా వేయించాడు. మర్నాడు కోట వంటశాలలో ఒకే పప్పుకి నలుగురూ ఉప్పు వేశారు.

జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలే ఎల్లమంద సంగతి ఇంకా విడ్డూరం. ఇరవై ఏళ్లుగా ఒక్కడే కాపలా కాశాడు. ఒక్క కంకి పోలేదు. ఇప్పుడు అదే మంచె మీదికి మరో ముగ్గురు ఎక్కారు. వాళ్లు కబుర్లలో పడ్డారు, చిలకలు చేలో పడ్డాయి. నాలుగోనాడు మంచె కూడా విరిగింది.

"తప్పంతా వీడిదే ప్రభూ," అన్నాడు దివాను సభలో. "తోటివాళ్లతో ఒక్క ముక్క మాట్లాడడట. నలుగురిలో ఇమడనివాడికి ఊళ్లో చోటెందుకు? పొలిమేర దాటించండి."

ఎల్లమంద తలొంచుకుని నిలబడ్డాడు. అప్పుడు ఆస్థానంలో మాటకారి తిప్పయ్య లేచాడు.

"గరిటెతో చెట్టు నరికి, తెగలేదని గరిటెను పారేస్తామా ప్రభూ? వీడికి తగ్గ పని నేను వెతుకుతాను."

"మూడు రోజులు గడువు," అన్నాడు రాజు. "దొరక్కపోతే వాడితోబాటు నువ్వూ మూట కట్టుకో."

బయటికొచ్చాక తిప్పయ్య అడిగాడు. "ఏమయ్యా ఎల్లమందా, మనుషులంటే పడదా నీకు?"

"ఎందుకు పడదు బాబయ్యా! అందరూ మంచోళ్లే. పని దగ్గర మాటలు మొదలైతే మాత్రం నాకు పని వినబడదు."

ఆ మాట తిప్పయ్య మనసులో దాచుకున్నాడు. కానీ గానుగ దగ్గరికి వెళ్తే నలుగురు, కుమ్మరి సారె దగ్గరికి వెళ్తే నలుగురు. రెండో రోజు కూడా సగం అలాగే కరిగిపోయింది.

రెండోనాటి మధ్యాహ్నం రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని మూలుగుతున్నాడు. పొద్దు పొడిచాక పదిహేనో గడియ గంట మోగితేగాని ఆయన ముద్ద ముట్టడు. అది తాతలనాటి ఆచారం.

"ఈమధ్య కడుపులో ఎలకలు పరిగెడుతున్నా ఆ గంట మోగదేం?"

"ఎండాకాలం వస్తోంది కదా ప్రభూ," అన్నాడు దివాను. "పొద్దు సాగుతుంది, దాంతోపాటు గడియలూ సాగుతాయి!"

తిప్పయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేరుగా గడియశాలకు వెళ్లి తొంగిచూశాడు. అక్కడ గంగాళంలోని నీళ్లమీద, అడుగున చిన్న చిల్లి ఉన్న రాగి కుడుక తేలుతూ ఉంటుంది. అది నిండి మునిగితే ఒక గడియ. వెంటనే జేగంట కొట్టి, కుడుకను తీసి మళ్లీ నీళ్లమీద పెట్టాలి. కావలివాళ్లు నలుగురూ, ఉలవచారులో మీగడ వెయ్యాలా వెన్న వెయ్యాలా అని కొట్టుకుంటున్నారు. కుడుక ఎప్పుడో అడుక్కి చేరి హాయిగా పడుకుంది.

మూడోనాడు తెల్లవారగానే తిప్పయ్య రాజు ముందు నిలబడ్డాడు.

"ఇవాళ గడియశాలలో ఎల్లమందను ఒక్కణ్ణే కూర్చోబెట్టండి ప్రభూ. దివానుగారు ఎలా కావాలంటే అలా పరీక్షించుకోవచ్చు. గంట తప్పితే ఇట్నుంచి ఇటే పోతాం."

దివాను మీసం దువ్వాడు. "ఒక్కడా! వాడిచేత పురాణం చెప్పిస్తాను చూడండి."

తిప్పయ్య గడియశాల వాకిట్లో ఓ కర్ర పాతి, మిట్టమధ్యాహ్నం దాని నీడ పడేచోట ముందే గీత గీసి ఉంచాడు. రాజు కిటికీ బయట కూర్చున్నాడు. దివాను తన పన్నెండుమందితో లోపలికి జొరబడ్డాడు.

"ఏరా, పిల్లలెంతమంది?"

ఎల్లమంద చూపు కుడుక మీదే.

"మీ అత్తగారు మంచిదేనా?"

ఉలుకు లేదు, పలుకు లేదు.

"పోనీ, ఉలవచారులో మీగడా, వెన్నా?"

"వెన్నేనండీ," అన్నాడు వెనకనుంచి ఒక నౌకరు, ఉండబట్టలేక.

"నీ మొహం! మీగడ!" అని దివాను అటు తిరిగాడు. ఇంకేముంది, పదమూడు గొంతులు ఒక్కసారి లేచాయి. ఆ గోలలో ఎల్లమంద నోరు విప్పాడు.

"మాట్లాడాడు! విన్నారా ప్రభూ, మాట్లాడాడు!" అని దివాను గంతేశాడు. "ఏమన్నావురా? గట్టిగా చెప్పు!"

"కొంచెం జరగండి బాబూ. జేగంట మీ చెవి పక్కనే ఉంది."

ఖంగ్!

పదిహేనో గంట. వాకిట్లో కర్ర నీడ సరిగ్గా గీత మీద కూర్చుంది. రాజు లేచి గబగబా లోపలికి వచ్చాడు.

"నిన్న మిట్టమధ్యాహ్నానికి పన్నెండే కొట్టారు ప్రభూ," అన్నాడు తిప్పయ్య. "మిగతా మూడు గడియలూ మీ కడుపు మోసింది."

దివాను చెవి మూసుకునే అరిచాడు. "మరి చీమలో? అవి గుంపుగానే కదా పనిచేసేది!"

"చీమలు ఎదురుపడితే క్షణం మూతులు కలిపి ఎవరి దారిన అవి పోతాయి దివానుగారూ. ఆగి, ఉలవచారు సంగతి తేల్చుకోవు!"

రాజు పగలబడి నవ్వాడు. తన చేతి కడియం తీసి తిప్పయ్యకు తొడిగాడు. బరువులెత్తే పనికి నలుగురు, చూపు నిలిపే పనికి ఒక్కడు అని ఆజ్ఞ మార్చాడు. గడియశాలను బతికినన్నాళ్లూ ఎల్లమందకే అప్పగించాడు.

"ఇంకేం కావాలో కోరుకో ఎల్లమందా!"

ఎల్లమంద కుడుక మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఎల్లేటప్పుడు ఆ తలుపు దగ్గరగా ఏసి ఎల్లండి దొరా."

రాజు అరచేత్తో నోరు మూసుకుని, మునివేళ్ల మీద నడుస్తూ అందర్నీ బయటికి తోలి, తలుపు తనే చప్పుడు కాకుండా వేశాడు. వాకిలి దాటాక గాని ఎవరూ నవ్వలేదు. దాటాక మాత్రం, భోజనం చల్లారిపోయేదాకా నవ్వారు.